పారేసిన రాయి

యాహిమోవ్‌లో స్నానాల తొట్టి పైనుంచి నిండదు. నీళ్ళు అడుగు నుంచి, చప్పుడు లేకుండా, ఊటలా పైకి వస్తాయి. ధారగా వదిలితే నీళ్ళలో కరిగి ఉన్న రేడాన్ వాయువు గాల్లో కలిసిపోతుందని ఆ జాగ్రత్త. వైద్యం కోసం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కీళ్ళ నొప్పులతో, వెన్ను బాధలతో కుంగిన పెద్దవాళ్ళు. తొట్టిలో దిగి 20 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. తర్వాత దుప్పటి చుట్టి కాసేపు విశ్రాంతిగా ఉంచుతారు. ఆ ఊళ్ళో ఇది రోజూ జరిగేదే, వింతగా చూసేవాళ్ళెవరూ ఉండరు. అయితే ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగి తెలుసుకున్నవాళ్ళకి మాత్రం ఆ 20 నిమిషాలు అంత ప్రశాంతంగా గడవవు. అవి కొండవాగు నీళ్ళు కావు. ఊళ్ళోనే ఉన్న స్వోర్నోస్త్ గనిలో, దాదాపు అర కిలోమీటరు లోతు నుంచి, గొట్టాల వెంట స్నానశాలలకు చేరుతున్నాయి. 1950 ప్రాంతంలో ఆ గని దగ్గర ముళ్ళకంచె ఉండేది. రోజూ అందులోకి దిగినవాళ్ళలో ఖైదీలు ఉండేవారు. ఒకే గొయ్యి ఒక తరానికి శిక్షగానూ ఇంకో తరానికి చికిత్సగానూ ఎలా పనికొచ్చింది? రాయి అదే. అందులోంచి పుట్టే వాయువూ అదే. మరి మారిందేమిటి?

యాహిమోవ్ చెక్ దేశానికి వాయవ్య మూలన, జర్మనీలోని శాక్సనీ సరిహద్దుకు దగ్గరగా ఉంది. జనాభా మూడు వేల లోపే. క్రుష్నే హోరీ పర్వతాల్లో ఒక ఇరుకు లోయ, ఆ లోయ వెంట పైకి ఎక్కిపోయే ఒక పెద్ద వీధి, వీధికి రెండు పక్కలా ఇళ్ళు. ఊరు అంతకన్నా వెడల్పుగా పెరగడానికి కొండలు చోటివ్వలేదు. దిగువన స్నానశాలలు, హోటళ్ళు, తీర్చిదిద్దిన తోటలు. ఎగువన పాత ఊరు: టౌన్ హాలు, చర్చి, టంకశాల, 16వ శతాబ్దంలో వెండి డబ్బుతో లేచిన ఇళ్ళు. వాటిలో కొన్నిటికి కొత్తగా సున్నం పడింది, కొన్నిటికి కిటికీ తలుపులు కూడా మిగల్లేదు. ఇంకా పైకి పోతే 1244 మీటర్ల క్లీనోవెట్స్ శిఖరం, దాని అవతల జర్మనీ. దిగువకి వచ్చిన అతిథుల్లో ఎంతమంది ఆ వీధిని చివరిదాకా ఎక్కుతారో. ఎక్కినవాళ్ళకి ఊరి చుట్టూ చెట్లు మొలిచిన చిన్న చిన్న గుట్టలు కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ వాటిలో చాలావాటిని ప్రకృతి పెట్టలేదు. అయిదు వందల ఏళ్ళుగా గనుల్లోంచి తవ్వి తెచ్చి, అక్కర్లేదని పారబోసిన రాళ్ళ దిబ్బలవి. యాహిమోవ్ కథను ఆ దిబ్బల దగ్గర్నుంచి చెప్పడమే సబబేమో. ఆ ఊరు ఎప్పుడు దేన్ని దాచుకుందో, దేన్ని విసిరేసిందో అక్కడే తెలుస్తుంది.

1516కు ముందు ఇక్కడ పాడుబడ్డ పల్లె ఆనవాళ్ళు తప్ప ఊరు లేదు. వెండి దొరికిందన్న వార్తతో అంతా మారిపోయింది. కొండ అవతలి శాక్సనీవాళ్ళు తమ వెండి ఊరికి మేరీమాత తల్లి ఆన్నా పేరు పెట్టుకుని ఉన్నారు. ఇవతల భూములేలుతున్న ష్లిక్ వంశం ప్రభువులు తమ లోయకు ఆన్నా భర్త యోఖీం పేరు పెట్టారు. జర్మన్‌లో యోఖీంస్టాల్, అంటే యోఖీం లోయ. నలుమూలల నుంచి గని పనివాళ్ళు వచ్చిపడ్డారు. పాతికేళ్ళు తిరిగేసరికి జనం 18,000 దాకా పెరిగి, బొహీమియా రాజ్యంలో ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు ఇదే అయింది. ఈనాటి నిశ్శబ్దపు వీధిలో నిలబడి ఆ సంఖ్యను ఊహించడం తేలిక కాదు. ఇప్పుడున్నవాళ్ళకి ఆరింతల మందికి పైగా, ఇదే లోయలో, ఇదే వాలులో!

వెండిని ఊరికే అమ్ముకోవడం కన్నా నాణేలు కొట్టించడం లాభమని ష్టెపాన్ ష్లిక్ గ్రహించాడు. 1520లో బొహీమియా ప్రతినిధుల సభ అనుమతి దొరికింది. ఒక పక్క సెయింట్ యోఖీం, ఇంకో పక్క రెండు తోకల బొహీమియా సింహం, రాజు లూయీ పేరు. సుమారు 29 గ్రాముల బరువైన వెండి నాణెం. యోఖీంస్టాల్‌లో పుట్టిన ఆ నాణేన్ని జనం యోఖీంస్టాలర్ అన్నారు, తర్వాత టాలర్ అని కుదించారు. డచ్ వర్తకుల నోట అది డాల్డర్ అయింది, ఇంగ్లిష్‌వాళ్ళ నోట డాలర్ అయింది. అమెరికా స్వతంత్ర దేశమయ్యాక తన డబ్బుకి ఆ పేరే ఎంచుకుంది. ఇవాళ పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల డాలరు రేటు చూసే అలవాటు ఉంది. ఆ మాట ఒక కొండలోయ చిరునామా నుంచి బయల్దేరిందన్న సంగతి అక్కడ ఎవరికి తట్టాలి?

ఆ నాణెం మీద పేరున్న రాజూ, దాన్ని కొట్టించిన ప్రభువూ ఒకే యుద్ధంలో పోయారు. 1526 ఆగస్టు 29న హంగరీలోని మొహాచ్ దగ్గర తురుష్క సుల్తాన్ సులేమాన్ సేన చేతిలో లూయీ ఓడి, పారిపోతూ చనిపోయాడు. ష్టెపాన్ ష్లిక్ కూడా ఆ రణరంగం నుంచి తిరిగి రాలేదు. రెండేళ్ళకి కొత్త రాజు ఫెర్డినాండ్ టంకశాలను ష్లిక్‌ల చేతుల్లోంచి లాక్కున్నాడు. అంతకుముందే, 1525లో, ఊరు పుట్టి పదేళ్ళయినా నిండకుండానే గని పనివాళ్ళు తిరగబడ్డారు. నాణెం మీద వాళ్ళ జాడేమీ లేదు. చరిత్రలో ఇది మామూలే అనుకుని దాటిపోవచ్చు, కానీ ఈ ఊరి విషయంలో దాటిపోబుద్ధి కాదు. కొండలోకి దిగినవాడు ఒకడు, కొండ పేరు చెప్పి బతికినవాడు ఇంకొకడు కావడం ఇక్కడ మళ్ళీ మళ్ళీ జరిగింది.

ఆ దిగినవాణ్ణి కాస్త దగ్గర్నుంచి చూసిన మనిషి ఒకడున్నాడు. 1527లో ఊరి వైద్యుడిగా వచ్చిన గియోర్గియస్ అగ్రికోలా. రోగుల్ని చూస్తూనే గనుల్లోకి దిగాడు, పనివాళ్ళతో మాట్లాడాడు, యంత్రాలు పరికించాడు. ఆ పరిశీలనంతా చివరికి ‘దె రె మెటాలికా’ అనే గ్రంథానికి పునాది అయింది. ఆయన పోయిన మరుసటి ఏడు, 1556లో, అచ్చయిన ఆ పుస్తకం తర్వాతి రెండు వందల ఏళ్ళు గనుల విద్యకు ప్రమాణం. పంపులు, చక్రాలు, కొలుముల బొమ్మలతో నిండిన ఆ పుటల్లో ఒకచోట ఆయన దుమ్ము గురించి రాశాడు. అది ఊపిరితిత్తుల్ని తినేస్తుందనీ, కార్పాతియన్ గనుల దగ్గర ఒక్కో ఆడమనిషి ఏడుగురు మొగుళ్ళను చేసుకోవాల్సి వచ్చిన సందర్భాలున్నాయనీ చెప్పాడు. వైద్యుడి కన్ను మాత్రమే పట్టుకోగల లెక్క అది: చచ్చిపోయినవాళ్ళను వితంతువుల పెళ్ళిళ్ళతో లెక్కించడం. అదే కాలంలో ఊళ్ళో లాటిన్ పాఠశాల ఉండేది, మార్టిన్ లూథర్ శిష్యుడు యోహానెస్ మతేసియస్ పాస్టరుగా ఉండి గనివాళ్ళకు లోహాల భాషలోనే ప్రసంగాలు చేసేవాడు. ఆ పాఠశాల గ్రంథాలయంలోని పుస్తకాలు ఇంకా ఊళ్ళోనే భద్రంగా ఉన్నాయి.

వెండి ఎంతో కాలం నిలవలేదు. పై పొరలు అయిపోయాయి, లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగింది, అవతల దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో చవక వెండి వచ్చిపడింది. ఇక్కడి గనివాడికి ఇంకో శత్రువు కూడా ఉంది. వెండి తీగ వెంట తవ్వుకుంటూ పోతుంటే ఒక్కోచోట తారులా మెరిసే బరువైన నల్లరాయి ఎదురయ్యేది. అది కనిపించిందంటే చాలాసార్లు వెండి అక్కడితో సరి. కరిగిస్తే ఏమీ రాదు, మోస్తే నడుము విరుగుతుంది. తిట్టుకుని దిబ్బ మీదికి విసిరేసేవారు. వందల ఏళ్ళు అలా విసిరేశారు.

1789లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోట్ ఆ జాతి నల్లరాతిలో కొత్త మూలకం ఉందని తేల్చి, అప్పటికి కొన్నేళ్ళ క్రితమే కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు మీద యురేనియం అన్నాడు. దాంతో ఏం చెయ్యాలో మాత్రం చాలాకాలం ఎవరికీ తోచలేదు. చివరికి దొరికిన ఉపయోగం రంగు. గాజులో కలిపితే ఆకుపచ్చ మెరుపుతో పసుపు వన్నె వస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో యాహిమోవ్‌లో ప్రభుత్వం యురేనియం రంగుల ఫ్యాక్టరీ పెట్టింది. పూలకుండీల కోసం, మద్యం గ్లాసుల కోసం ఆ రాతిలోంచి రంగును పిండుకుని, మిగిలిన పిప్పిని మళ్ళీ పారబోశారు. పారేసిన రాయిలోంచి పారేసిన పిప్పి! ప్యారిస్‌లో మారీ క్యూరీ, పియెర్ క్యూరీ దంపతులు వెతికింది సరిగ్గా దాన్నే. యురేనియం తీసేశాక కూడా అందులో ఇంకేదో మిగిలి ఉందని వాళ్ళకు గట్టి నమ్మకం. అప్పట్లో బొహీమియాను ఏలుతున్న ఆస్ట్రియా ప్రభుత్వం ఇచ్చిన ఆ పిప్పి సంచుల్లో ప్యారిస్ చేరింది. సంచి విప్పితే గోధుమరంగు పొడిలో బొహీమియా అడవుల పైన్ ఆకులు కూడా కలిసి ఉన్నాయి. దిబ్బల మీద చెట్లకింద పడి ఉన్న సరుకు కదా. 1898లోనే పొలోనియం, రేడియం ఉన్నాయని ప్రకటించినా, టన్నుల కొద్దీ ఆ పొడిని మరిగించి, గరిటెతో కలియబెట్టి, 1902 నాటికి వాళ్ళు రాబట్టిన రేడియం లవణం గ్రాములో పదో వంతు. మోటారు సైకిళ్ళకు మెరిసే స్టిక్కర్లు అంటించే కొట్లలో చాలావాటి మీద తెలుగునాట ఇవాళ్టికీ ‘రేడియం’ అని రాసి ఉంటుంది. ఆ స్టిక్కర్లలో రేడియం లేదు, ఆ పేరులో మాత్రం చీకట్లో తనంతట తాను వెలిగిన ఆ చిటికెడు పొడి తాలూకు అబ్బురం ఇంకా మిగిలే ఉంది.

ఇక్కణ్ణుంచి యాహిమోవ్ రెండో వైభవం. 1864లో స్వోర్నోస్త్ గని అడుగున వేడి ఊట ఒక్కసారిగా పగిలి, గనిని ముంచెత్తింది. అప్పట్లో అది ఘోరమైన ఆపద. రేడియం వార్త లోకమంతా పాకాక గని నీళ్ళే మహిమగల నీళ్ళయ్యాయి. 1906లో ఒక రొట్టెల వ్యాపారి ఇంట్లో, మోసుకొచ్చిన నీళ్ళతో తొలి స్నానాలు మొదలయ్యాయి. 1912లో రేడియం ప్యాలెస్ హోటల్ తలుపులు తెరుచుకున్నాయి. అంతెత్తు తెల్లటి భవనం, విశాలమైన భోజనశాల, సంగీతం. 1925లో మారీ క్యూరీ స్వయంగా ఈ ఊరు చూడ్డానికి వచ్చింది. హోటల్లో ధనవంతులు రేడాన్ కోసం డబ్బు చెల్లిస్తున్న ఆ రోజుల్లోనే, అదే రేడాన్‌ను ఏళ్ళ తరబడి ఊరికే పీల్చిన గనివాళ్ళు ఊపిరితిత్తుల జబ్బుతో రాలిపోతున్నారు. కొండ అవతలి శ్నేబెర్గ్ గనివాళ్ళ జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సరేనని 1879లోనే ఇద్దరు వైద్యులు రాశారు. యాహిమోవ్ గనివాళ్ళలోనూ అదేనని 1930ల మొదట్లో చెక్ వైద్యులు శవపరీక్షలతో చూపారు. ఇవాళ పొగాకు తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో రేడాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తోంది. కొద్ది మోతాదులో అది నొప్పి తగ్గిస్తుందని స్నానశాలల వైద్యులు నమ్ముతారు, తగ్గిందని చెప్పే రోగులూ ఉన్నారు. మిగతా వైద్యలోకం ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. మోతాదు తేడాయే మొత్తం తేడా అనడం శాస్త్రం పరంగా సబబే కావచ్చు. కానీ ఎవరికి ఎంత మోతాదు అన్నది అప్పట్లో శాస్త్రం నిర్ణయించిందా? పుట్టిన ఇల్లు నిర్ణయించింది, జేబు నిర్ణయించింది.

తర్వాతి ఘట్టం దగ్గర కలం బరువెక్కుతుంది. 1938లో హిట్లర్ చెకోస్లొవాకియా సరిహద్దుల్లోని సుడెటెన్ ప్రాంతాన్ని కలుపుకున్నప్పుడు ఈ ఊరూ జర్మనీలోకి పోయింది. 1945లో యుద్ధం ముగిశాక చెకోస్లొవాకియా మొత్తం మీద దాదాపు 30 లక్షలమంది జర్మన్లను వెళ్ళగొట్టారు. యాహిమోవ్‌లో నాలుగు వందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు దాదాపు అందరూ జర్మన్ మాట్లాడేవాళ్ళే. ఎగువ వీధిలో కిటికీల్లేని ఇళ్ళ కథ అక్కడ మొదలవుతుంది. ఇల్లు కట్టినవాళ్ళ మనవలు మూటాముల్లె సర్దుకుని కొండ దాటిపోయారు. వచ్చినవాళ్ళకి ఆ గోడలతో చుట్టరికం లేదు. ఇంతలో హిరోషిమా మీద బాంబు పడింది, పారేసిన రాయి ప్రపంచంలోకెల్లా గిరాకీ ఉన్న రాయి అయింది. అదే ఏడు నవంబరులో ప్రాగ్, మాస్కోల మధ్య ఒప్పందం కుదిరింది. యాహిమోవ్ యురేనియం సోవియట్ యూనియన్‌కి పోతుంది. మొదట జర్మన్ యుద్ధఖైదీలతో తవ్వించారు. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక, 1949 నుంచి ఊరి చుట్టూ శిబిరాలు లేచాయి. రైతులు, పూజారులు, స్కౌట్ నాయకులు, విద్యార్థులు, సైనికాధికారులు... కొత్త రాజ్యానికి అక్కర్లేదనిపించిన వాళ్ళందరినీ దొంగలతో, హంతకులతో కలిపి ఇక్కడికి తోలారు. 1961 దాకా పదుల వేలమంది ఆ శిబిరాల గుండా నడిచారు.

బొహుమిల్ మోద్రీ సంగతే చూడండి. చెకోస్లొవాకియా ఐస్ హాకీ జట్టుకి గోల్‌కీపర్. 1947లో ప్రపంచ విజేతలైన జట్టులో ఆయనే గోలు కాచాడు. 1949లో ఆ జట్టు మళ్ళీ గెలిచింది. 1950 మార్చిలో, లండన్ పోటీలకు విమానం ఎక్కబోయే ముందు జట్టును ఆపేశారు. ఆటగాళ్ళు పరాయిదేశంలో ఉండిపోతారేమోనని అనుమానం. తర్వాత అరెస్టులు, రాజద్రోహం నేరం. మోద్రీకి 15 ఏళ్ళ శిక్ష పడింది. దేశమంతా చప్పట్లు కొట్టిన ఆ చేతులకి యాహిమోవ్ యురేనియం పని అప్పగించారు. 1955లో విడుదలై, 1963లో, నలభై ఏడో ఏట మరణించాడు. రచయిత కరెల్ పెట్స్‌కా యౌవనం కూడా ఈ గనుల్లోనే గడిచింది. పదేళ్ళ తర్వాత బయటికి వచ్చి, ఆ అనుభవాన్నే జీవితాంతం నవలలుగా రాశాడు.

శిబిరం నుంచి గనికి పోయే తోవలో ఖైదీల్ని ఒక్కచోట గుంపుగా నిలబెట్టి, గుంపు చుట్టూ ఇనుప తాడు బిగించి నడిపించేవారు. దానికి ‘యాహిమోవ్ బస్సు’ అని పేరు. ఒకడు తూలితే అందరూ తూలాలి. స్వోర్నోస్త్ శిబిరం నుంచి గనికి దిగే నిటారు మెట్ల దారిని ఖైదీలు నాజీల శిబిరం పేరుతో ‘మౌట్‌హౌజెన్ మెట్లు’ అనేవారు. తవ్విన ఖనిజం దిగువన ఓస్ట్రోవ్ దగ్గరి విక్మనోవ్‌కి చేరేది. అక్కడ ఏడంతస్తుల ఎర్ర ఇటుకల బురుజులో దాన్ని పొడి చేసి, జల్లించి, డబ్బాల్లో నింపి రైలెక్కించేవారు. ఆ పనీ ఖైదీలదే. ముక్కుకి అడ్డంగా గుడ్డ ముక్క కూడా సరిగా లేకుండా ఆ దుమ్ములో నిలబడ్డవాళ్ళు దానికి ‘ఎర్ర మృత్యుబురుజు’ అని పేరు పెట్టారు. సోవియట్ తొలి అణుబాంబు 1949 ఆగస్టు 29న పేలింది. మొహాచ్ యుద్ధం జరిగిన తారీఖే. ఆ కాకతాళీయానికి అర్థం వెతకనక్కర్లేదు. అయినా ఈ ఊరి నాణేన్ని కొట్టించినవాడు పోయిన రోజూ, ఈ ఊరి రాయిని తీసుకున్న దేశం తొలి బాంబు పేల్చిన రోజూ ఒకే తేదీ పంచుకున్నాయని తెలిశాక మరిచిపోవడం కష్టం.

ఇంతకీ విలువ అనేది ఎక్కడుంది? రాయిలోనే ఉందంటే, మూడు వందల ఏళ్ళు దాన్ని ఎందుకు విసిరేశారు? గిరాకీలో ఉందంటే, గోల్‌కీపర్ చేతుల విలువ ఒక్క రాత్రిలో ఎలా పడిపోయింది? యాహిమోవ్‌లో దిబ్బ మీదికి పోయినవి వరసగా చూస్తే నల్లరాయి, రంగు పిండిన పిప్పి, జర్మన్ కుటుంబాలు, చివరికి అక్కర్లేని పౌరులు. రాయికీ పిప్పికీ తర్వాత ఎప్పుడో మంచిరోజులొచ్చాయి. మనుషులకి ఆ వ్యవధి ఉండదు. ఏది విలువైనదో చెప్పే అధికారం ప్రతిసారీ లోయ బయటే ఉండిపోయింది. ఒకప్పుడు రాజు ఆస్థానంలో, ఒకప్పుడు ప్రయోగశాలలో, ఒకప్పుడు మాస్కోలో. కింద తవ్వుతున్నవాణ్ణి ఎవరూ అడగలేదు. ఈ రాయి తెలుగు నేలకి పరాయిది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నల్లమల అడవుల్లో యురేనియం అన్వేషణ వద్దని జనం గట్టిగా లేచినప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అణు విద్యుత్తు కావాలా వద్దా అన్నది పెద్ద చర్చే, అది ఈ ఒక్క ఊరి కథతో తేలదు. కానీ కొండమీద బతికేవాళ్ళు గొంతెత్తి, సభ దాకా వినిపించుకున్న ఆ సందర్భం యాహిమోవ్ గనివాళ్ళకి ఏ యుగంలోనూ దక్కలేదు.

యురేనియం తవ్వకం 1960ల మొదటి సగంలోనే ఆగిపోయింది. స్వోర్నోస్త్ గనిలోకి ఇప్పటికీ పనివాళ్ళు దిగుతారు. ఖనిజం కోసం కాదు, ఊటల్నీ గొట్టాల్నీ కాపాడ్డానికి. అక్కడి ఒక ఊటకు భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంటిషెక్ బ్యెహౌనెక్ పేరుంది. మారీ క్యూరీ దగ్గర చదువుకుని, 1928లో ఉత్తర ధ్రువ మంచులో కూలిన ‘ఇటాలియా’ గాలినౌక నుంచి బతికి బయటపడ్డ మనిషి ఆయన. క్యూరీ పేరు మీదా ఊట ఉంది, అగ్రికోలా పేరు మీదా ఉంది. ఖైదీల పేరు మీద ఊట లేదు. ఉండాల్సింది.

అయితే ఊరు వాళ్ళను పూర్తిగా వదిలేసిందనడం న్యాయం కాదు. కమ్యూనిస్టు పాలన పోయాక బతికున్న మాజీ ఖైదీలే పూనుకుని జ్ఞాపకాన్ని నిలబెట్టారు. పాత శిబిరాల చోట్లను కలుపుతూ ‘యాహిమోవ్ నరకం’ అనే నడకదారి వేశారు. గని ముఖాలు, పునాదుల ముక్కలు, మెట్ల ఆనవాళ్ళు ఆ దారి పొడవునా కనిపిస్తాయి. స్వోర్నోస్త్ గని దగ్గర ఒకటో నంబరు సొరంగంలోకి సందర్శకులు ఇప్పుడు టోపీ పెట్టుకుని వెళ్ళి రావచ్చు. పాత టంకశాల మ్యూజియం అయింది. 2019లో క్రుష్నే హోరీ గనుల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం 22 చోట్లు, 17 జర్మనీలో, 5 చెక్ వైపు. 1945లో తెగిపోయిన రెండు పక్కల్నీ కలిపి రెండు దేశాలు ఒకే దరఖాస్తు రాశాయి. యాహిమోవ్ పాత ఊరు అందులో ఉంది. ఆ ఊరి చర్చి, టంకశాల, వెండి ఇళ్ళతో పాటు విక్మనోవ్‌లోని ఎర్ర ఇటుకల బురుజు కూడా, అదే జాబితాలో, అదే హోదాతో ఉంది.